రోటరీనా, ఇన్నర్ వీలా?

ప్రశ్న: మా ఆయన రోటరీ క్లబ్ మెంబరు. నన్ను ఇన్నర్ వీల్‌లో చేరమంటున్నారు. వాళ్ల ఆహ్వాన పత్రిక వస్తే చూశాను, ‘శ్రీమతి’ అని వేసి పక్కన ఆయన పేరు అచ్చు వేశారు. నేను బీకాం చదివాను, ఇంటి నుంచే జీఎస్టీ లెక్కలు చూస్తుంటాను. మొగుడి క్లబ్బుకు తోకలాంటి క్లబ్బు నాకెందుకు? నేరుగా రోటరీలో చేరకూడదా? అసలు భార్యలకు వేరే క్లబ్బులు ఎందుకొచ్చాయి?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: నిక్షేపంగా చేరొచ్చమ్మా. అయితే ఆ తలుపు ఊరికే తెరుచుకోలేదు. రోటరీ 1905లో షికాగోలో మొదలైంది. 1977లో కాలిఫోర్నియాలోని డ్వార్టే అనే ఊరి క్లబ్బు ముగ్గురు మహిళలను చేర్చుకుంటే, పైవాళ్లు ఆ క్లబ్బు గుర్తింపే రద్దు చేశారు. వాళ్లేం తక్కువ తిన్నారా? ‘మాజీ రోటరీ క్లబ్’ అని పేరు పెట్టుకుని, రోటరీ చక్రం మీద ఇంటూ గుర్తు కొట్టి, దర్జాగా మీటింగులు పెట్టుకున్నారు. కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయి 1987లో గెలిచారు. 1989లో రోటరీ తన నిబంధనల్లోంచి ‘మగవాళ్లు మాత్రమే’ అన్న మాట తీసేసింది.

మగవాళ్ల సంఘం పక్కన ఆడవాళ్ల సంఘం పుట్టడం అంతకంటే పాతది. ఫ్రీమేసన్లు అనే మగవాళ్ల సోదర సంఘం సభ్యుల ఇళ్లలోని స్త్రీల కోసం రాబ్ మోరిస్ 1850లో ‘ఈస్టర్న్ స్టార్’ పెట్టాడు. అది పెట్టినవాడూ మగవాడే, గమనించండి. 1868లో న్యూయార్క్‌లో ఇంగ్లిష్ నవలాకారుడు చార్లెస్ డికెన్స్‌కు పత్రికలవాళ్లు విందు ఇస్తూ మహిళలను దూరంగా ఉంచారు. జేన్ క్రోలీ అనే విలేఖరికి ఒళ్లు మండి ‘సొరోసిస్’ అనే మహిళా క్లబ్బు పెట్టింది. ఈ రెండింటిలో నాకు క్రోలీ పద్ధతే నచ్చుతుంది.

ఇన్నర్ వీల్‌ను కూడా ఆడవాళ్లే పెట్టుకున్నారు. 1924 జనవరి 10న మాంచెస్టర్‌లో రోటరీ సభ్యుల భార్యలతో మొదలుపెట్టిన మార్గరెట్ గోల్డింగ్ నర్సు, సొంత వ్యాపారం ఉన్న మనిషి. అంతటి ఆమెను కూడా ఆ రోజుల్లో ‘మిసెస్ ఆలివర్ గోల్డింగ్’ అనే పిలిచేవాళ్లు, ఆలివర్ ఆమె భర్త పేరు. మీ పత్రిక జబ్బు నూరేళ్ల నాటిది! ఇప్పుడు రోటరీ చుట్టరికం లేని స్త్రీలను కూడా ఆ క్లబ్బులోకి పిలుస్తున్నారు.

ఈ కథంతా ఇంగ్లండు, అమెరికాలదే అనుకోకండి. 1911 దాకా మీ కడప జిల్లాలోనే ఉన్న మదనపల్లెలో, థియోసాఫికల్ (దివ్యజ్ఞాన సమాజం) కాలేజీ అధ్యాపకుల భార్యలు ‘అబలా అభివర్ధినీ సమాజం’ నడిపారు. అక్కడే ఉండిన ఐరిష్ మహిళ మార్గరెట్ కజిన్స్, మరికొందరితో కలిసి, 1917లో మద్రాసు దగ్గరి అడయారులో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్‌కు పునాది వేసింది. అదే ఏడాది స్త్రీలకు ఓటు కావాలని భారత వ్యవహారాల బ్రిటిష్ మంత్రి మాంటేగును అడిగిన ప్రతినిధి వర్గంలో ఈ సంఘం వాళ్లున్నారు. 1921లో మద్రాసు రాష్ట్రంలో ఆస్తి అర్హత ఉన్న స్త్రీలకు ఆ హక్కు వచ్చింది. పేరులో ‘అబల’ అని పెట్టుకుని చేసిన పని ఇది.

అనంతపురంలో చరిత్ర పాఠాలు చెప్పిన రోజుల్లో పల్లెల్లో పొదుపు సంఘాల మినిట్స్ పుస్తకాలు చూసేదాన్ని. తీర్మానం కింద వరసగా సంతకాలు, నడుమ ఒకటి రెండు వేలిముద్రలు. వేలిముద్ర పక్కన రాసింది కూడా ఆమె పేరే, మొగుడి పేరు కాదు. బ్యాంకు అప్పు కూడా ఆ పేరు మీదే. టౌన్ క్లబ్బుల వాళ్లు ఆ పుస్తకాలు ఒకసారి చూస్తే బాగుణ్ను.

ఇక మీ సంగతి. వ్యాపారస్తులతో పరిచయాలు, మీ లెక్కల పనికి గిరాకీ కావాలంటే రోటరీ. మీటింగులు చాలా ఊళ్లలో రాత్రిపూట ఉంటాయి, పిల్లలను ఎవరు చూసుకోవాలో ఇద్దరూ ముందే మాట్లాడుకోండి. ఇన్నర్ వీల్ అయితే, మీ పేరుతోనే పత్రిక వేయమని సెక్రటరీకి చెప్పండి, కాదనరు. పనిలో పనిగా ట్రెజరర్ పదవి అడగండి. లెక్కలు తెలిసిన మనిషి దొరికితే ఏ క్లబ్బూ వదులుకోదు.