తెచింగ్ షే ఎవరు? గంటగంటకూ కార్డు పంచ్ చేయడం కళ ఎలా అయింది?

తెచింగ్ షే పెర్ఫార్మెన్స్ ఆర్టిస్ట్, అంటే తాను చేసే పనినే కళగా చూపే కళాకారుడు. 1950లో తైవాన్‌లో పుట్టారు. నావికుడిగా ఓడెక్కి 1974లో అమెరికాలో దిగిపోయి, ఏళ్ల తరబడి సరైన కాగితాల్లేకుండానే న్యూయార్క్‌లో బతికారు. ఆయనకు పేరు తెచ్చిన ప్రదర్శనలు ఒక్కోటి ఏడాది పాటు సాగేవి. 1978లో మొదలైనదాంట్లో బోనులో ఉండిపోయారు. చదవడం, రాయడం, మాట్లాడటం అన్నీ బంద్.

నా దృష్టిలో అన్నిటికన్నా గొప్పది 1980–81 నాటిది. ఫ్యాక్టరీల్లో పనివాళ్లు వచ్చిన, వెళ్లిన సమయాన్ని కార్డు మీద అచ్చేసే టైమ్ క్లాక్ గోడకు బిగించి, రాత్రనకా పగలనకా గంటకోసారి కార్డు పంచ్ చేశారు. వరుసగా రెండు గంటలు కన్ను మూసే వీల్లేదు. పంచ్ చేసిన ప్రతిసారీ కెమెరా ఒక్క ఫ్రేమ్ తీసేది. మొత్తం 8,760 గంటల్లో తప్పిపోయినవి 133 మాత్రమే. గుండుతో మొదలుపెట్టారు కాబట్టి, ఆరు నిమిషాల ఆ ఫిల్ములో జుట్టు పెరుగుతూ పోవడం కళ్లారా కనిపిస్తుంది. బతికిన కాలమే ఆయన కళ. ఆ తర్వాత ఇంకో ఏడాదంతా ఏ కప్పు కిందకీ వెళ్లకూడదన్న నియమంతో వీధుల్లోనే గడిపారు.