రంజన్ (మట్టి కుండ) నీళ్లు ఎండాకాలంలో చల్లబడినంతగా వానకాలంలో ఎందుకు చల్లబడవు?

వరంగల్‌లో మే నెలలో చల్లగా ఉండే రంజన్ నీళ్లు ముసురు రోజుల్లో అంతగా చల్లబడకపోవడానికి కారణం గాలిలోని తేమే. మట్టి గోడల సన్నని రంధ్రాల గుండా పైకి ఊరిన నీరు ఆవిరి కావడానికి గ్రాముకు సుమారు 2,400 జౌళ్ల వేడి అవసరం. అందులో ఎక్కువ భాగాన్ని అది లోపలి నీటి నుంచే తీసుకుంటుంది. ఆ వేడంతా నీటి నుంచే వస్తే, 10 గ్రాములు ఆవిరైనప్పుడు లీటరు నీరు 5 డిగ్రీలకు పైగా చల్లబడుతుంది. శ్రావణంలో గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది కనుక బయట ఊరిన చెమ్మ ఆరక, కుండ కింద ఇసుక తడిసిపోతుందే తప్ప అంత చల్లదనం రాదు. కూలర్ల ఇబ్బందీ ఇదే. ఎంత పొడిగాలి వీచినా, తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపే ఉష్ణోగ్రత కన్నా కిందికి నీరు దిగదు. పెయింటు వేసిన కుండలు అందంగా ఉన్నా, రంధ్రాలు మూసుకుపోతాయి కాబట్టి, నా దృష్టిలో కొనదగినవి కావు.