జవాబు: నాన్నగారికి మాట రాకపోవడం గురించి

పక్షవాతం వచ్చాక నాన్నగారికి మనం చెప్పేది అర్థమవుతోంది గానీ, ఆయన నోట 'అది... అది...' తప్ప రావట్లేదనీ, మతి పోయిందేమోననీ రాశారు కదండీ. మీరు రాసిన లక్షణాలు మతి పోయినట్టు లేవు. కుడి చెయ్యి కూడా పడిపోయిందన్నారు చూడండి, అసలు ఆనవాలు అదే. శరీరం కుడివైపును నడిపేది మెదడు ఎడమ సగం. చాలామందికి మాట కూడా అటువైపే. ఎడమ నుదుటి వెనక భాగంలో బ్రోకా ప్రాంతం ఉంటుంది, మాట పలికించేది అది; నాన్నగారికి దెబ్బ తగిలింది అక్కడే అయ్యుండొచ్చు. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడు, 'టాన్' తప్ప మరో మాట పలకలేని రోగి మెదడు చూసి దీన్ని గుర్తించాడు. మాట అర్థం చేసుకునే వెర్నికే ప్రాంతం ఇంకాస్త వెనక, చెవి పైన ఉంటుంది.

మా మావయ్యకీ ఇంతే. 'కాఫీ' అనలేక ఖాళీ గ్లాసు ఎత్తి చూపించేవాడు. అత్తయ్య మంగళహారతి ఎత్తుకుంటే మాత్రం ముక్క పోకుండా గొంతు కలిపేవాడు! పాటకి కుడి మెదడు కూడా సాయం పడుతుందట.

మీరు బెంగళూరులోనే ఉన్నారు కాబట్టి మెదడు, నరాల జబ్బులు చూసే నిమ్హాన్స్ ఆస్పత్రిలో స్పీచ్ పాథాలజీ (మాట ఇబ్బందులకి చికిత్స చేసే) విభాగానికి తీసుకెళ్ళండి, ఆలస్యం వద్దు. ఇంట్లో ఆయన మాట్లాడేది తెలుగే అని ముందే చెప్పండి. మాట కోసం తడుముకుంటుంటే మీరు అందించేయకండి, కాసేపు ఆగండి. టీవీ కట్టేసి, అవును-కాదు అని తలూపే ప్రశ్నలు అడగండి. మళ్ళీ మూతి వంకరపోతే మాత్రం నిమిషం ఆగకుండా ఆస్పత్రికి పరిగెత్తండి.