నల్ల స్క్రీన్ వచ్చిందంటే ఇన్‌స్టాల్ అయినట్టే

ప్రశ్న: సార్, మాది యర్రగుంట్ల. కడపలో ఎంసీఏ చదువుతున్నాను. ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపర్ ఉంది కదా, యూనిక్స్ లాంటిది సొంతంగా వేసి చూద్దామని నాన్న పాత ల్యాప్‌టాప్ తీసుకున్నాను. బండల ఫ్యాక్టరీ బిల్లులన్నీ బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, ఫ్రీబీఎస్‌డీ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాను. రీస్టార్ట్ అయ్యాక నల్ల స్క్రీన్ మీద ‘లాగిన్’ అని ఒక్క మాట కనిపిస్తోంది. మౌస్ లేదు, ఐకాన్లు లేవు. పాస్‌వర్డ్ కొడుతుంటే ఏమీ పడడం లేదు. వైఫై అసలే రాదు. మళ్లీ మొదటి నుంచి వేసినా అదే వరస. సీనియర్లను అడిగితే ‘ఫ్రీబీఎస్‌డీ హ్యాండ్‌బుక్ చదువుకో’ అంటున్నారు. ఈ సబ్జెక్ట్ నాకు రాదేమోనని టెన్షన్‌గా ఉంది.
– యర్రగుంట్ల పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఇన్‌స్టలేషన్ ఫెయిల్ కాలేదు. ఆ ‘లాగిన్’ అనే మాట వచ్చిందంటే సిస్టమ్ డిస్క్‌లోకి చేరింది, బూట్ అయింది, మీ కోసం ఎదురుచూస్తోంది. రెండోసారి వేయాల్సిన పనే లేదు. అది మీకు ఎవరూ చెప్పకపోవడం నాకు బాధగా ఉంది.

మీరు ఎదురుచూసిన డెస్క్‌టాప్ ఫ్రీబీఎస్‌డీ మూల సిస్టమ్‌లో భాగం కాదు. లైనక్స్ అంటే 1991లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన కెర్నల్, అంటే హార్డ్‌వేర్‌ను నడిపించే మూల ప్రోగ్రామ్. దానికి డెస్క్‌టాప్, బ్రౌజర్, ఆఫీస్ అన్నీ జోడించి ఉబుంటు లాంటివి మన చేతికిస్తాయి. ఫ్రీబీఎస్‌డీ దారి వేరు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పెరిగిన యూనిక్స్ నుంచి వచ్చి, 1993లో మొదటిసారి విడుదలైంది. కెర్నల్‌నూ అవసరమైన పనిముట్లనూ ఒకే బృందం కలిపి తయారుచేస్తుంది. మిగతావన్నీ ప్యాకేజీలుగా మనం తెచ్చుకోవాలి. దీన్ని సర్వర్లలో ఎక్కువగా వాడతారు. సర్వర్‌కు మౌస్‌తో ఏం పని?

పాస్‌వర్డ్ సంగతి. మా అనంతపురం ల్యాబ్‌లో కొత్తగా చేరిన పిల్లలు ప్రతి ఏడాదీ ఇక్కడే ఆగిపోతారు. అక్షరం కొడితే చుక్క కూడా పడదు. కీబోర్డ్ పనిచేయడం లేదనుకుని అదే అక్షరం ఇంకోసారి కొడతారు, పాస్‌వర్డ్ తప్పవుతుంది. పక్కనున్నవాళ్లకు అక్షరాల లెక్క కూడా తెలియకూడదని యూనిక్స్‌లో అలా పెట్టారు. ఏమీ కనబడకపోయినా నిదానంగా పూర్తిగా కొట్టి ఎంటర్ నొక్కండి. క్యాప్స్ లాక్ ఒకసారి చూసుకోండి.

ఇక వైఫై. ఇది నిజమైన ఇబ్బంది. కొన్ని వైఫై చిప్‌లకు కంపెనీ ఇచ్చే ఫర్మ్‌వేర్ ఫైల్ (చిప్ లోపల నడిచే ప్రోగ్రామ్) ఉండాలి, కొన్నింటికి డ్రైవరే లేదు. ఫైల్ లేనిదే వైఫై రాదు, నెట్ లేనిదే ఫైల్ రాదు. దీనికి మీ ఆండ్రాయిడ్ ఫోన్ చాలు. ఛార్జింగ్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ను కేబుల్ ద్వారా ఇవ్వడం) ఆన్ చేయండి. స్క్రీన్ మీద ‘యూఈ0’ అనే పేరు కనిపిస్తే అదే మీ నెట్. రూట్‌గా, అంటే అన్ని అధికారాలున్న అడ్మిన్ యూజర్‌గా లాగిన్ అయి డీహెచ్‌క్లయింట్ కమాండ్‌కు ఆ పేరు ఇస్తే ఐపీ అడ్రస్ వస్తుంది. కేబుల్ డేటాది అయి ఉండాలి. ఛార్జింగ్ మాత్రమే చేసే కేబుళ్లూ దొరుకుతున్నాయి, వాటితో ఎంతసేపు కూర్చున్నా రాదు.

నెట్ వచ్చాక రూట్‌గానే పీకేజీ కమాండ్‌తో ఎక్స్‌ఆర్గ్ (తెర మీద కిటికీలు, మౌస్ చూపించే ఎక్స్ విండో సిస్టమ్), ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్ తెచ్చుకోండి. పాత ల్యాప్‌టాప్‌కు ఎక్స్‌ఎఫ్‌సీఈ తేలిక. మొదటిసారి ‘ప్యాకేజీ టూల్ ఇంకా లేదు, తెచ్చుకోనా?’ అని ఇంగ్లీషులో అడిగితే వై నొక్కండి. ఉత్త ఎంటర్ నొక్కితే వద్దన్నట్టు లెక్క. ఇంటెల్ గ్రాఫిక్స్ అయితే డీఆర్‌ఎమ్-కేమాడ్ అనే గ్రాఫిక్స్ డ్రైవర్ ప్యాకేజీ కూడా కావాలి, మీ యూజర్‌ను ‘వీడియో’ గ్రూపులో చేర్చాలి. ఈ రెండూ మరిచిపోతే మళ్లీ నల్ల స్క్రీనే వస్తుంది. తెలుగు అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే నోటో ఫాంట్లు వేసుకోండి.

మీ సీనియర్లు చెప్పిన హ్యాండ్‌బుక్ నిజంగా మంచి పుస్తకం. కానీ లావు పుస్తకం చూపించి చదువుకో అంటే అది జవాబు కాదు. ఏ అధ్యాయమో చెప్పాలి. మీకు ఇప్పుడు కావాల్సినవి ఎక్స్ విండో సిస్టమ్, డెస్క్‌టాప్ అధ్యాయాలు. నేను పైన చెప్పిన కమాండ్ల స్పెల్లింగ్ అంతా ఆ హ్యాండ్‌బుక్‌లో ఉంది. ఫోన్‌లో తెరిచి పక్కన పెట్టుకుని ఒక్కో లైనూ కొట్టండి.

బిల్లులు ముందే కాపీ చేసుకున్నారు, చాలా మంచి పని చేశారు. అయితే ఎప్పుడైనా మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే ఆ బయటి డిస్క్ ల్యాప్‌టాప్‌కు తగిలించి ఉండకూడదు. ఫ్రీబీఎస్‌డీకి సీ డ్రైవ్, డీ డ్రైవ్ ఉండవు. లోపలి సాటా డిస్క్ ‘ఏడీఏ0’, పెన్‌డ్రైవ్ ‘డీఏ0’, బయటి హార్డ్ డిస్క్ కూడా ‘డీఏ’నే, పక్కన అంకె మాత్రం మారుతుంది. ఇన్‌స్టాలర్‌లో ఆటో జెడ్‌ఎఫ్‌ఎస్ (డిస్క్‌ను దానంతటదే సిద్ధం చేసే పద్ధతి) ఎంచుకుంటే టిక్ పెట్టిన డిస్క్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. చివరగా ‘లాస్ట్ ఛాన్స్’ అని అడిగే పేజీలో డిస్క్ పేరు చదవనిదే ఎస్ నొక్కొద్దు. పేర్లు దాదాపు ఒకేలా ఉండొచ్చు, డిస్క్ సైజు కూడా ముందే చూసుకుంటే ఏది ఏదో తేల్చుకోవడం తేలిక.

పరీక్ష దగ్గరపడి ఉంటే ఒక మాట. ఇంట్లో గానీ కాలేజీలో గానీ వేరే విండోస్ కంప్యూటర్ ఉంటే వర్చువల్‌బాక్స్ పెట్టుకోండి, అది విండోస్ లోపలే ఇంకో సిస్టమ్‌ను నడిపించే ప్రోగ్రామ్. ఫ్రీబీఎస్‌డీ వాళ్లే వర్చువల్ మెషీన్ ఇమేజ్‌లు తయారుచేసి ఇస్తారు. ప్రాసెస్‌లు, పర్మిషన్లు, షెల్ నేర్చుకోవడానికి డెస్క్‌టాప్ అక్కర్లేదు, ఆ నల్ల స్క్రీనే సరిపోతుంది.

ఎక్స్ మొదలవకపోతే, లోపలి చిప్‌ల పేర్లు చూపించే పీసీఐకాన్ఫ్ కమాండ్ ఇచ్చి, గ్రాఫిక్స్ చిప్ పేరు, వైఫై చిప్ పేరు రెండూ కాగితం మీద రాసుకుని మాకు పంపండి. చిప్ పేరు తెలిస్తే ఏ డ్రైవర్ కావాలో సరిగ్గా చెప్పగలను.