సూది ముందు, ఫోన్ తర్వాత

చిరంజీవి అమ్మడుకి అత్త ఆశీస్సులు.

చిన్నపిల్లల డేకేర్ పెడుతున్నావని అన్నయ్య ఫోన్‌లో చెప్పాడు. మనింట్లో ఇంత ధైర్యం ఎవరూ చేయలేదు, గర్వంగా ఉంది. చేరబోయే వాళ్ళలో ఒక బాబుకి వేరుశనగ పడదని మాటల్లో మాటగా అన్నాడు చూడు, అప్పట్నుంచీ నాకు టెన్షనే. నీకది అడ్మిషన్ ఫారంలో ఒక గడి. ఇన్నేళ్ళు క్యాజువాల్టీలో నర్సుగా చేసినదాన్ని, నాకలా అనిపించదు.

లేబుళ్ళు చదవడం, గరిటెలు వేరుగా ఉంచడం, బయటి తినుబండారాలు రానివ్వకపోవడం నీకు తెలిసినవే. చేతులు మాత్రం సబ్బుతో కడిగించు. శానిటైజర్ వేరుశనగ ప్రొటీన్‌ని పోగొట్టదు.

నా భయమంతా పొరపాటున తిన్న తర్వాతి సంగతి. రియాక్షన్ ఎక్కువగా నిమిషాల్లోనే మొదలవుతుంది, ఒక్కోసారి రెండు గంటలు పట్టవచ్చు. దద్దుర్లు, పెదవుల వాపు అందరి కంటా పడతాయి. గొంతు బొంగురుపోవడం, ఆగని దగ్గు, పిల్లికూతలు, పదేపదే వాంతి, ఉన్నట్టుండి పాలిపోయి వేలాడిపోవడం... ఇవి నువ్వు పట్టుకోవాలి. దద్దుర్లు ఒక్కటీ లేకుండా కూడా రావచ్చు. మూడేళ్ళవాడు ఊపిరాడట్లేదని చెప్పడు. ఊరికే ఏడుస్తాడు, నాలుక గీరుకుంటాడు, లేదా ఆడుతున్నవాడు కాస్తా చప్పుడు లేకుండా కూర్చుంటాడు.

అప్పుడు వేయాల్సింది ఎడ్రినలిన్ ఇంజెక్షన్, తొడ బయటివైపు మధ్యలో. బట్టల మీంచే వేయవచ్చు. ఆ మందు నింపి పెన్నులా ఉండే సూది దొరుకుతుంది, దాన్నే పెన్ను అంటాం. డాక్టర్ వాడి బరువు చూసి అది రాస్తారు, మామూలుగా 15 నుంచి 30 కిలోల వాళ్ళకి 0.15 మిల్లీగ్రాములు. ముందు సూది, తర్వాతే అంబులెన్స్‌కి ఫోన్, ఆ తర్వాత వాళ్ళ అమ్మకి. అయిదు నిమిషాల్లో తేడా కనపడకపోతే రెండో పెన్ను. అందుకే రెండు పెన్నులు తెచ్చి ఇవ్వమను.

ఒకసారి మా దగ్గరికి ఏడెనిమిదేళ్ళ పిల్లవాణ్ణి తీసుకొచ్చారు. జీడిపప్పు తిన్నాడు. దద్దుర్లే కదా అని ఇంట్లో ఎలర్జీ బిళ్ళ వేసి చూస్తూ కూర్చున్నారట. ఆ బిళ్ళ దురద తగ్గిస్తుంది తప్ప గొంతు వాపునీ, పడిపోయే బీపీనీ ఆపదు. వచ్చేసరికి రొప్పుతున్నాడు. ఇంజెక్షన్ పడగానే తేరుకున్నాడు, కబుర్లు కూడా మొదలుపెట్టాడు. బాత్‌రూమ్‌కి వెళ్తానంటే వాళ్ళ నాన్న లేపి నిలబెట్టాడు. పడుకునే ఉండాలని ఆయనకి ఎవరూ చెప్పలేదు. రెండడుగులు వేశాడో లేదో కుప్పకూలాడు.

ఎందుకంటే, రియాక్షన్‌లో రక్తనాళాలు వదులైపోతాయి. నిలబడితే రక్తం కాళ్ళలోకి దిగిపోతుంది, గుండెకి తిరిగి రాదు. ఆ పిల్లవాడు బతికాడు, కానీ ఆ తండ్రి మొహం నేను మర్చిపోలేను. అందుకని నీ దగ్గర చేరే బాబుకి ఇలా జరిగితే నడిపించకు, భుజాన ఎత్తుకుని పరిగెత్తకు. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తిపెట్టు. ఆయాసంగా ఉంటే కాళ్ళు చాపి కూర్చోనివ్వు. వాంతి అవుతుంటే, స్పృహ తప్పితే పక్కకి తిప్పు. బాగున్నాను, ఆడుకుంటానన్నా ఒప్పుకోకు. ఆస్పత్రికి వెళ్ళాల్సిందే, కొన్ని గంటల తర్వాత మళ్ళీ తిరగబెట్టే కేసులు ఉంటాయి. వాడికి ఆస్తమా ఉందేమో ఇప్పుడే అడుగు. ఉంటే ముప్పు ఎక్కువ.

పెన్నులు బీరువాలో పెట్టి తాళం వేశావని తెలిస్తే తంతాను. పిల్లలకి అందకూడదు, పెద్దవాళ్ళందరికీ వెంటనే అందాలి. ఫ్రిజ్‌లో వద్దు, ఎండ తగిలే చోట వద్దు. ఎక్స్‌పైరీ తేదీ గోడ క్యాలెండర్ మీద రాసిపెట్టు.

చాదస్తం అనుకుంటావని తెలుసు. అనుకో తల్లీ, ఫరవాలేదు. చిన్నప్పుడు నీకు జ్వరమొస్తే మీ అమ్మకంటే ముందు నేనే ఏడ్చేదాన్ని, ఇప్పుడు మారమంటే ఎలా? సూది లేని ట్రైనర్ పెన్ను ఒకటి తెప్పించి ఉంచు. ఆదివారం వస్తాను. ఆయాలనీ, వంటామెనీ కూడా ఉండమను. ఒక్కొక్కరి చేతా నా తొడ మీదే వేయించి చూస్తాను.

మీ అత్త