నెక్సస్‌ని కంటైనర్‌లో నడపొచ్చు, ముందు వాల్యూమ్ సంగతి చూడండి

నెక్సస్ రిపోజిటరీని (టీమ్ తయారుచేసిన, బయటి నుంచి తెచ్చుకున్న సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు దాచుకునే సర్వర్) డాకర్ కంటైనర్‌లో (ప్రోగ్రామ్‌ని కావలసినవాటితో సహా విడిగా నడిపే పెట్టె) పెడితే డేటా పోతుందా, నేరుగా మెషీన్ మీదే ఇన్‌స్టాల్ చేసుకోవాలా అని అడిగారు. కంటైనర్‌లోనే పెట్టండి, రెండో ఆలోచన వద్దు. డేటా మాత్రం మీరు పేరు పెట్టిన వాల్యూమ్‌లో, అంటే కంటైనర్ తీసేసినా డిస్క్ మీద మిగిలే చోట, ఉండాలి. ఆరేళ్లుగా నేను అలాగే నడుపుతున్నాను. కానీ ఒక్క సాయంత్రం మాత్రం అంతా పోయిందనే అనుకున్నాను.

హైదరాబాద్‌లో నా పాత ఆఫీసు. శుక్రవారం, సోమవారం రిలీజ్ ఉంది. మా టీమ్‌లో ఒక కుర్రాడు నెక్సస్‌ని కొత్త వెర్షన్‌కి మారుస్తున్నాడు. పాత కంటైనర్ ఆపి, తీసేసి, కొత్త ఇమేజ్‌తో (కంటైనర్ తయారయ్యే అచ్చు) మళ్లీ రన్ చేశాడు. బ్రౌజర్‌లో 8081 పోర్ట్ తెరిచి పాస్‌వర్డ్ కొడితే తీసుకోలేదు. పైగా, అడ్మిన్ పాస్‌వర్డ్ సర్వర్‌లో నెక్సస్-డేటా కింద ఫలానా ఫైల్లో ఉంది, చూసుకోండి అని తెర మీద చూపిస్తోంది. అది చదవగానే నా ఒళ్లు చల్లబడింది. ఆ ఫైలు మొదటిసారి స్టార్ట్ అయినప్పుడే పుడుతుంది. అంటే నెక్సస్ దృష్టిలో అది ఖాళీ ఇల్లు. రెండేళ్ల జార్‌లు (జావా ప్యాకేజీలు), ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్) ప్యాకేజీలు, మేం తయారుచేసిన డాకర్ ఇమేజ్‌లు, ఒక్కటీ లేదు. బిల్డులు నడిపే జెంకిన్స్‌లో అవి వరసగా ఫెయిలై ఎర్రబడుతున్నాయి.

"అన్నా, డిస్క్ కూడా నిండిపోయేలా ఉంది, వాల్యూమ్ ప్రూన్ కొట్టేసి కాస్త జాగా చేయనా?" అన్నాడు ఆ కుర్రాడు.

"ఆగు, ఏ కమాండూ కొట్టకు" అని కీబోర్డు నా వైపు లాక్కున్నాను.

జరిగిందేమిటంటే, రెండేళ్ల కిందట ఎవరో డాక్యుమెంటేషన్‌లో మొట్టమొదట కనిపించిన రన్ కమాండ్ కాపీ చేసి నడిపేశారు. ఆ లైన్లో వాల్యూమ్ ఉండదు, ఇంకాస్త కిందికి వెళ్లి చదివితే ఉంటుంది. ఆ ఇమేజ్‌లో నెక్సస్-డేటాని వాల్యూమ్ అని ముందే రాసి పెట్టారు కాబట్టి, మనం చెప్పకపోయినా డాకర్ పేరులేని వాల్యూమ్ ఒకటి తయారుచేసుకుంటుంది. కంటైనర్ తీసేసినా అది డిస్క్ మీదే ఉంటుంది. కానీ ఎవరూ వాడని వాల్యూమ్ కింద లెక్క, అలాంటివాటిని తుడిచేసే ప్రూన్ కమాండ్ కొడితే పోతుంది.

వాల్యూమ్‌ల జాబితా తీస్తే 64 అక్షరాల పేర్లతో పదకొండు వచ్చాయి. డాకర్ ఫోల్డర్‌లోకి వెళ్లి ఒక్కోదాని సైజు చూసుకుంటూ పోయాం. అన్నీ చిన్నచిన్నవే. ఎనిమిదోది 140 జీబీ. కుర్రాడు కుర్చీలో కూలబడ్డాడు. లేటెస్ట్ అనే ట్యాగ్‌తో లాగడం వల్ల పాత ఇమేజ్‌కి పేరు పోయింది గానీ, అదృష్టం కొద్దీ మెషీన్‌లోనే ఉంది. దాని ఐడీ పట్టుకుని, ఆ వాల్యూమ్ తగిలించి లేపితే రాత్రి పదకొండుకి మా జార్‌లన్నీ కనిపించాయి. దయచేసి సర్వర్లకి లేటెస్ట్ ట్యాగ్ వాడకండి, వెర్షన్ నంబర్ రాయండి. ఏ వెర్షన్ నడుస్తోందో తెలియని సర్వర్‌ని ఏ ధైర్యంతో అప్‌గ్రేడ్ చేస్తారు?

మర్నాడు డేటాని మామూలు ఫోల్డర్‌లోకి మారిస్తే కంటైనర్ లేవనంది. లోపల నెక్సస్ 200 అనే యూజర్ ఐడీతో నడుస్తుంది, ఆ ఫోల్డర్ ఓనర్‌గా ఆ నంబరే ఉండాలి. మెమరీ కూడా చూసుకోండి: ఆ ఇమేజ్‌లో హీప్‌కి (జావా ప్రోగ్రామ్ వాడే ప్రధాన మెమరీ) 2703 ఎంబీ, డైరెక్ట్ మెమరీకి (హీప్ బయట వాడేది) మళ్లీ అంతే రాసి ఉంటుంది. 4 జీబీ మెషీన్ ఇచ్చి, 137 కోడ్‌తో (బలవంతంగా ఆపేస్తే వచ్చేది, ఇక్కడ మెమరీ చాలక) చచ్చిపోతోందని నెక్సస్‌ని తిట్టడం అన్యాయం. ఆపేటప్పుడు 120 సెకన్ల టైమ్ ఇవ్వండి. డాకర్ మామూలుగా పది సెకన్లు చూసి పీక నొక్కేస్తుంది, మధ్యలో రాస్తున్న డేటాబేస్ పాడవ్వొచ్చు. పాతవి డిలీట్ చేసినా డిస్క్ తగ్గట్లేదంటే కాంపాక్ట్ బ్లాబ్ స్టోర్ టాస్క్ (డిలీట్ చేసినవాటి జాగాని నిజంగా ఖాళీ చేసే పని) పెట్టలేదన్నమాట.

నన్ను అసలు బాధపెట్టేది వేరే ఉంది. నెక్సస్‌ని మేనేజర్లు ఒట్టి గోడౌన్ అనుకుంటారు. 2020 నవంబర్‌లో డాకర్ హబ్ (అందరూ ఇమేజ్‌లు తెచ్చుకునే సైట్) లాగిన్ లేనివాళ్లకి ఆరు గంటలకి 100 పుల్స్ (డౌన్‌లోడ్లు) అని లిమిట్ పెట్టింది. ఆఫీసంతా ఒకే ఐపీ మీద బయటికి వెళ్తుంది కాబట్టి మధ్యాహ్నానికే అందరి బిల్డులూ ఆగిపోయేవి. ప్రాక్సీ రిపోజిటరీ (బయటి నుంచి ఒకసారి తెచ్చినదాన్ని దాచి అందరికీ ఇచ్చేది) పెట్టి ఆ టెన్షన్ తీర్చింది ఈ గోడౌనే. అయినా దీని బాధ్యత ఎవరిదంటే ఒక్కరి పేరూ ఉండదు. బ్యాకప్ ఉందంటారు, దాన్నుంచి ఒక్కసారైనా రీస్టోర్ చేసి చూశారా అంటే మాట్లాడరు.

మీరు ఇప్పటికే కంటైనర్‌లో నడుపుతుంటే, ఈ రాత్రికే కంటైనర్ వివరాలు చూపే డాకర్ ఇన్‌స్పెక్ట్ కమాండ్ కొట్టి మౌంట్స్ అన్న చోట చూడండి. అక్కడ మీరు పెట్టిన పేరు కాకుండా 64 అక్షరాల తోక కనిపిస్తే, ఆ పేరు ఎక్కడైనా రాసిపెట్టుకుని, డేటా సరైన చోటికి మార్చేదాకా ఆ మెషీన్‌లో ఎవరినీ ప్రూన్ కొట్టనివ్వకండి.