ఛానల్ పెడుతున్న మేనల్లుడికి

చిన్నా,

ఉద్యోగం మానేసి నరసరావుపేటలో యూట్యూబ్ న్యూస్ ఛానల్ పెడుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి కళ్లనీళ్లు పెట్టుకుంది. వదినకి ధైర్యం చెప్పి ఫోన్ పెట్టేశాక నాకు టెన్షన్ పట్టుకుంది. ఈ వార్తల పిచ్చి మన ఇంట్లో నాతోనే ఆగిపోతుందనుకున్నాను. ఆగలేదని లోలోపల మురిసిపోయాను కూడా, అది మీ అమ్మకి చెప్పకు.

మామూలు సంగతులు ఎవరైనా చెబుతారు. ఛానల్ డబ్బులకి వేరే అకౌంటు తెరువు. ప్రకటన ఇచ్చినవాడి మీద వార్త వస్తే మొహమాటపడకు. పోలీస్ స్టేషన్‌లో టీ తాగు, వాళ్లు చెప్పిందల్లా వార్త అనుకోకు.

నా భయమంతా పిల్లల వార్తలతోనే.

నేను పేపరు డెస్కులో ఉన్నప్పుడు పక్క ఎడిషన్‌లో ఒక వార్త వచ్చింది. ఎనిమిదో తరగతి పిల్ల మీద దగ్గరి బంధువు అఘాయిత్యం చేశాడు. ఊరి నుంచి వార్త పంపిన కంట్రిబ్యూటర్ పిల్ల పేరు రాయలేదు. ఫొటో లేదు. పేరు లేదు కదా అని సబ్ ఎడిటర్ పాస్ చేసేశాడు. కానీ ఊరి పేరు ఉంది. తండ్రి ఆటో నడుపుతాడని ఉంది. తల్లి పోయిందనీ, అమ్మమ్మ దగ్గర ఉంటూ ఊళ్లో హైస్కూల్లో చదువుతోందనీ ఉంది. పైగా నిందితుడి పేరు ఇంటిపేరుతో సహా వేసి, పక్కన 'వరుసకు బాబాయి' అన్నారు. ఆ ఊళ్లో తల్లి లేని ఆటో డ్రైవరు కూతుళ్లు ఎంతమంది ఉంటారురా? చదివినవాళ్లకి జాలి కలగాలని అతను ఏరి ఏరి రాసిన ముక్కలన్నీ కలిసి జనాన్ని నేరుగా ఆ గుమ్మంలోకి తీసుకెళ్లాయి.

ఆ అమ్మమ్మ పేపరు ముక్క మడిచి బొడ్లో దోపుకుని ఆఫీసుకి వచ్చింది. ఆవిడకి చదువు రాదు. ఎవరో చదివి వినిపించారట. "పేరు వెయ్యలేదంటారేంటి బాబూ, ఇంటి నంబరొక్కటేగా తక్కువ" అంది. గొంతు కూడా పెంచలేదు. సవరణ వేస్తామన్నారు. ఏమని వేస్తారు? వేస్తే ఊరికి ఇంకోసారి గుర్తుచేసినట్టే. ఆ పిల్ల మళ్లీ బడికి వెళ్లలేదు. మా వాళ్లలో కొందరు మాత్రం ఇది చట్టప్రకారం తప్పా కాదా అని చాలా రోజులు వాదించుకున్నారు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇప్పుడైతే వాదనకి చోటే లేదు. పిల్లల మీద లైంగిక నేరాలకి 2012లో తెచ్చిన పోక్సో చట్టం సెక్షన్ 23 చదువు. పేరు, అడ్రసు, ఫొటోతో పాటు కుటుంబ వివరాలు, బడి, ఇరుగుపొరుగు, పిల్లని పోల్చుకునేలా చేసే ఏ ముక్కా బయటికి రాకూడదు. వస్తే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదంటే జరిమానా, లేదంటే రెండూ. రిపోర్టర్‌తో పాటు ఓనరుకీ బాధ్యత ఉంది, నీ ఛానల్లో ఆ ఇద్దరూ నువ్వే. 2018లో జమ్మూ దగ్గర కథువాలో అత్యాచారం చేసి చంపేసిన పాప పేరూ ఫొటో వేసిన మీడియా సంస్థల్ని ఢిల్లీ హైకోర్టు తలా 10 లక్షలు కట్టమంది. ఆ డిసెంబరులోనే సుప్రీంకోర్టు, చనిపోయిన బాధితురాలి పేరు కూడా బయటపెట్టడానికి వీల్లేదంది.

మొహం బ్లర్ చేశాంగా అని నాతో అనకు. యూనిఫాం కనపడుతుంది, గుమ్మం కనపడుతుంది, గొంతు వినపడుతుంది. మైకు తీసుకెళ్లి ఆ తండ్రి నోటి దగ్గర పెట్టావని తెలిసిందా, నరసరావుపేట వచ్చి మరీ చెంప పగలగొడతాను.

ఎవరైనా పిల్లల మీద అఘాయిత్యం వీడియో పంపి "చూడన్నా, నిజమేనా" అంటే మీ కుర్రాళ్ల గ్రూపులో పెట్టొద్దు. పోలీసులకి చెప్పాలి. మీడియావాళ్లు చెప్పి తీరాలని అదే చట్టం సెక్షన్ 20లో ఉంది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందని మెసేజ్ వస్తే ఎస్పీ ఆఫీసుకి ఫోన్ చేసేదాకా నోరు మెదపకు. 2018 మేలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో అలాంటి పుకారు నమ్మే జనం ఒక ట్రాన్స్‌జెండర్ మహిళని కొట్టి చంపేశారు.

అలాగని పిల్లల వార్తలే వద్దనుకునేవు! చెయ్యి, కాకపోతే పిల్లని వదిలేసి పెద్దవాళ్ల వెంట పడు. పోక్సో ప్రత్యేక కోర్టు కేసు విచారణకి తీసుకున్న 30 రోజుల్లో పిల్ల సాక్ష్యం నమోదు కావాలి, వీలైనంతవరకు ఏడాదిలో విచారణ ముగియాలి. నీ జిల్లాలో ఎన్ని కేసులు అలా ముగిశాయో అడుగు. హాస్టల్లో రాత్రిపూట వార్డెన్ ఉంటోందా, బడి గోడ మీద పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు రాసి ఉందా చూడు. వ్యూస్ రావు. అయినా చెయ్యి.

మొదటి ఆరు నెలలు పిల్లల వార్త ఏదైనా అప్‌లోడ్ చేసేముందు నాకు పంపు. ఆ ఊరివాళ్లు చదివితే ఎవరి ఇల్లు గుర్తొస్తుందా అని చూసి చెబుతాను. రాత్రి పదకొండయినా ఫర్వాలేదు, నాకెలాగూ నిద్ర పట్టదు. వేళకి అన్నం తిను.

మీ అత్త